అడిగిందా, ఇచ్చావా?

మా అమ్మ గురించి సినిమా తీస్తానని చెప్పినప్పుడు క్లాసులో అందరూ నావైపు జాలిగా చూశారు. నాకు ఒళ్ళు మండింది. జాలిపడేంతగా నేనింకా ఏమీ చెప్పనే లేదు. "ఒకే ఇంట్లో ఉండి మాట్లాడుకోని తల్లీకూతుళ్ళు" అని బోర్డు ముందు నిలబడి ఒక్క ముక్క అన్నాను, అంతే. ఆఖరి సెమిస్టర్‌లో ప్రతివాళ్ళూ ఒక చిన్న డాక్యుమెంటరీ తీయాలి. ఒకడు మూసీ మీద తీస్తానన్నాడు. ఒకామె నల్లకుంట కూరగాయల మార్కెట్ అంది. నా వంతు వచ్చేసరికి మా ప్రొఫెసర్ కళ్ళజోడు తీసి తుడుచుకుంటూ, "ఇది తియ్యమ్మా. ఆ నిశ్శబ్దమే నీ కథ," అన్నాడు. ఆయనకు అది కథ. నేను రోజూ అందులో కూర్చుని అన్నం తింటున్నాను.

నిజం చెప్పాలంటే నాకు సినిమాల మీద పెద్ద ప్రేమేమీ లేదు. నాకు కావలసింది ఒక్క జవాబు. మా పెద్దమ్మ నన్ను అడిగి తీసుకుందా, లేక ఎవరూ అడగకుండానే మా అమ్మ నన్ను ఇచ్చేసిందా?

నాన్న నాకు ఊహ తెలియకముందే పోయాడు. అమ్మకు యూనివర్సిటీలో ఆడపిల్లల హాస్టల్ మెస్‌లో వంటపని దొరికింది. నాకు ఐదేళ్ళప్పుడు నన్ను తీసుకెళ్ళి అంబర్‌పేట్‌లో ఉండే తన అక్క ఇంట్లో దింపింది. వాళ్ళకు పిల్లలు లేరు. పదో తరగతి దాకా నేనక్కడే పెరిగాను. అంబర్‌పేట్ ఏమైనా సముద్రాల అవతల ఉందా? అమ్మ ఉండే తార్నాకలో బస్సెక్కితే అరగంట. ఆ అరగంట దూరం నుంచి మా అమ్మ క్రిస్మస్‌కీ, ఈస్టర్‌కీ, నా పుట్టినరోజుకీ వచ్చేది. చుట్టంలా కుర్చీ అంచున కూర్చుని చాయ్ తాగి, కప్పు తనే కడిగి పెట్టి వెళ్ళిపోయేది.

పెద్దమ్మ అని ఇక్కడ రాస్తున్నాను గానీ, ఆమెను నేనెప్పుడూ అలా పిలవలేదు. అమ్మా అనే పిలిచాను. కన్నతల్లిని ఏమని పిలవాలో నాకెవరూ నేర్పలేదు. "చిన్నమ్మా అని పిలువు," అని ఒక ఈస్టర్ రోజున ఇంటికి వచ్చిన చుట్టం ఎవరో అన్నారు. గదిలో ఉన్నవాళ్ళందరూ తలలు దించుకున్నారు. మా అమ్మ కప్పు కడగడానికి లేచింది. ఆ తర్వాత ఆమెను ఏమనైనా పిలవమని నాకెవరూ చెప్పలేదు, నేనూ పిలవలేదు.

నా పదో తరగతి పరీక్షలు అయిన వేసవిలో పెద్దమ్మ కామెర్లతో పోయింది. పెదనాన్న తన తమ్ముడి దగ్గరికి వెళ్ళిపోతూ నన్నూ నా సూట్‌కేసునూ తార్నాకలో మా అమ్మ ఉండే రెండు గదుల పోర్షన్‌లో దింపాడు. నాకు అమ్మ చచ్చిపోయింది, నన్ను తెచ్చి అమ్మ దగ్గర పెట్టారు. ఆ రోజు అమ్మ గోడకు మేకు కొట్టి అక్క ఫోటో తగిలించింది. నాకోసం కొత్త చాప కొనిపెట్టింది. ఇద్దరం ఆ ఫోటో వైపు తిరిగి కూర్చుని ఏడ్చాం, ఎవరి ఏడుపు వాళ్ళదే.

ఆనాటి నుంచి మా ఇంట్లో మాటలు ఇలా ఉంటాయి. "అన్నం ఉన్నది." "నల్లా వచ్చింది." "గ్యాస్ అయిపోవస్తున్నది." ఏ మాటకూ ముందు పిలుపు ఉండదు. గోడకు చెప్పినట్టు చెబుతుంది, గోడ విన్నట్టు నేను వింటాను. ఆమె మనసులో ఏముందో నాకు తెలిసేది ఆమె ప్రార్థన చేసుకునేటప్పుడే. బయటికే చేసుకుంటుంది. హాస్టల్లో ఏ పిల్లకు జ్వరం వచ్చిందో, ఎవరి పెళ్ళి తప్పిపోయిందో, ఎవరి నాన్నకు ఆపరేషనో ఒక్కొక్కరినీ పేరు పెట్టి దేవుడికి అప్పజెబుతుంది. చివర్న, "ఈ ఇంట్ల ఉన్నోళ్ళను సల్లగ చూడు ప్రభువా," అంటుంది. ఈ ఇంట్లో ఉన్నది ఆమె కాక నేనొక్కదాన్నే.

ఒకసారి అడిగాను. ఇంటర్ చదివే రోజుల్లో, ఆమె బియ్యం ఏరుతుంటే ఎదురుగా నిలబడి అడిగాను. "అయిందేదో అయింది. గిప్పుడు గదెందుకు?" అని చేట పట్టుకుని బాల్కనీలోకి పోయింది. పెదనాన్నకు ఫోన్ చేస్తే, "మీ అమ్మనడుగు," అన్నాడు. ఆ తర్వాత ఆయన నా ఫోన్ ఎత్తడమే తగ్గించాడు. మా వైపు వాళ్ళందరికీ ఇదొక విద్య. ఏదైనా అడిగితే చాయ్ తాగుతావా అంటారు.

పెద్దమ్మ అడిగి తీసుకుని ఉంటుందని నాకు నేను చెప్పుకున్నాను. పిల్లలు లేని అక్క కొంగు పట్టి అడిగితే చెల్లెలు కాదనలేకపోయి ఉంటుంది. అందులో నా తప్పు లేదు, ఎవరి తప్పూ లేదు. ఆ కథ మీదే ఇన్నేళ్ళూ నెట్టుకొచ్చాను.

పీజీలో సీటు అమ్మ పనిచేసే క్యాంపస్‌లోనే వచ్చింది. చేరిన కొత్తలో ఒక మధ్యాహ్నం నా క్లాస్‌మేట్ వెంట హాస్టల్ మెస్‌కి భోజనానికి వెళ్ళాను. ఆమెది వరంగల్ వైపు పల్లె. నోరు గల పిల్ల. లైన్లో ముందుకు జరుగుతుంటే పెద్ద పప్పు డేగిశా వెనక నుంచి ఒక గొంతు వినిపించింది. "ఏం బిడ్డా, పరీక్ష మంచిగ రాసినవా? గిట్ల పుల్లలెక్కయినవేంది, ఇంకింత పెట్టుకో." ఆ గొంతు ఎవరిదో ఒక్క క్షణం నాకు తెలియలేదు. మా అమ్మది. నవ్వుతోంది. చేతిలో గంటె ఊపుతూ ఒక పిల్లను తిడుతోంది, ఇంకో పిల్ల జడ సవరిస్తోంది. లైన్లో ఉన్నవాళ్ళందరూ అమ్మా, అమ్మా అని ఆమె ప్రాణం తీస్తున్నారు. నా వంతు వచ్చింది. గంటె ఆగింది. పప్పు వేసింది. మళ్ళీ ఇంకో గంటె వేసింది. అది ప్రేమో కంగారో నాకు అర్థం కాలేదు. అంత పప్పు తినలేక పారేశాను. పారేస్తుంటే ఆమె చూసింది.

డాక్యుమెంటరీకి సౌండ్ ఆ క్లాస్‌మేటే చేసింది. ప్రశ్నలు కూడా తనే అడిగేటట్టు మాట్లాడుకున్నాం. మెస్‌లో రెండు పూటలు షూట్ చేశాం. కాలర్ మైక్ పెట్టగానే అమ్మ కాస్త బిగుసుకుంది గానీ, చపాతీల దగ్గరికి వచ్చేసరికి ఆపితే ఆగలేదు. ఇక మిగిలింది ఇల్లు. ఆదివారం చర్చి నుంచి వచ్చాక పెట్టుకున్నాం. నేను కెమెరా వెనక నిలబడ్డాను. అమ్మ చీర సర్దుకుని, గోడకు ఆనుకుని కూర్చుంది. ఏమడిగినా "ఆ" అనీ "ఏమో" అనీ అంటోంది. కాసేపు చూసి క్లాస్‌మేట్ నావైపు తిరిగింది.

"నువ్వు బయటికి పోవే. నువ్వుంటే అమ్మ నోరు తెరుస్తలేదు."

నా ఇంట్లోంచి నన్ను బయటికి పొమ్మంది. పోయాను. కెమెరా స్టాండ్ మీద బిగించి, హెడ్‌ఫోన్స్ తగిలించుకుని మెట్ల మీద కూర్చున్నాను. అమ్మ నేను వెళ్ళడం చూసింది, హెడ్‌ఫోన్స్ కూడా చూసింది. అంటే నేను వింటానని ఆమెకు తెలుసు. ఇది నాకు ముఖ్యం, అందుకే రాస్తున్నాను.

మా పనిలో ఒక పద్ధతి ఉంది. అడిగేవాళ్ళ గొంతు తర్వాత తీసేస్తాం. కాబట్టి చెప్పేవాళ్ళు ప్రశ్నను కూడా కలుపుకుని నిండు వాక్యంగా చెప్పాలి. "మీ ఊరేది" అంటే "సూర్యాపేట పక్కన" అంటే పనికిరాదు, "మా ఊరు సూర్యాపేట పక్కన" అనాలి. మెస్‌లో అమ్మకు ఇది బాగానే అలవాటైంది, స్కూలు పిల్లలా అప్పజెప్పేది. ఇప్పుడు క్లాస్‌మేట్ ఆ ప్రశ్న అడిగింది.

"అమ్మా, నీ బిడ్డను మీ అక్క అడిగి తీసుకున్నదా, నువ్వే ఇచ్చినవా? నిండుగ చెప్పాలె."

మైక్‌కు చీర కొంగు రాసుకున్న చప్పుడు వచ్చింది. తర్వాత, "నా బిడ్డను..." అంది. ఆగింది. గొంతు సవరించుకుంది. "నా బిడ్డను మా అక్క..." మళ్ళీ ఆగింది. "ఇంకొకసారి అంట, ఉండు," అని తనే అంది. "నా బిడ్డను..."

మెట్ల మీద నేను రెండు చేతులతో హెడ్‌ఫోన్స్ చెవులకు అదుముకున్నాను. నా బిడ్డ అనే మాట ఆమె నోట నేను వినడం అదే మొదటిసారి. తనంతట తాను అన్నది కాదు, మా రూలు ఆమె చేత అనిపించింది. అయినా చాలనిపించింది. అంత దరిద్రంలో ఉన్నాను నేను. ఇంకోసారి ఆగిపోతే బాగుండు, మళ్ళీ మొదటి నుంచి మొదలుపెడుతుంది అనుకున్నాను.

కానీ క్లాస్‌మేట్‌కి జాలేసింది. "సరే అమ్మా, వద్దులే. ఇడిసెయ్," అంది. ఇక రూమ్ టోన్ ఒక్కటి తీసుకుని మూసేద్దామంది. షూటింగ్ అయిపోయాక ఆ గదిలో ఒక నిమిషం ఎవరూ కదలకుండా, మాట్లాడకుండా ఉండి ఊరికే ఆ గది చప్పుడు రికార్డు చేసుకుంటాం. ఫ్యాను, ఫ్రిజ్జు, వీధి చప్పుడు. ఎడిటింగ్‌లో మాటల్ని కత్తిరించిన చోటల్లా కింద ఆ చప్పుడు పరుస్తాం, లేకపోతే అతుకు తెలిసిపోతుంది. "ఒక్క నిమిషం ఎవ్వరం మాట్లాడద్దు అమ్మా," అని క్లాస్‌మేట్ చెప్పడం విన్నాను. ఫ్యాను తిరుగుతోంది. కింద ఇంట్లో కుక్కర్ కూత పెట్టింది. ప్రశ్నల్లేవు, అడిగేవాళ్ళు లేరు, నిండు వాక్యం చెప్పాల్సిన పని లేదు. అప్పుడు మా అమ్మ గొంతు వచ్చింది, చాలా మామూలుగా.

"అక్క అడగలే బిడ్డా. నేనే..."

"ష్!"

హెడ్‌ఫోన్స్ లాగి పారేసి లేచాను. గుమ్మంలోకి వచ్చేసరికి క్లాస్‌మేట్ రికార్డర్ వైపు చూస్తూ అరచెయ్యి పైకెత్తి పట్టుకుని ఉంది. అమ్మ నన్ను చూసింది. నేను నోరు తెరవబోతుంటే, చూపుడు వేలు తన పెదవుల మీద పెట్టుకుని నన్ను మాట్లాడవద్దని సైగ చేసింది. నా రికార్డింగ్ పాడైపోతుందని. నా పని చెడకూడదని. నేను గుమ్మం పట్టుకుని అలాగే నిలబడ్డాను. ముగ్గురం బొమ్మల్లా ఆ నిమిషం పూర్తిచేశాం.

"అయిపోయింది. ఇప్పుడు చెప్పమ్మా, ఏమో అంటివి," అంది క్లాస్‌మేట్.

"ఏమన్లే. చాయ్ పెడతా," అని అమ్మ వంటింట్లోకి పోయింది.

ఆ పిల్ల మెట్ల మీద కూర్చుని భోరున ఏడ్చింది. "అలవాటైపోయిందే, చెయ్యి దానంతట అదే లేసింది," అంది. ఆమెను తిట్టబుద్ధి కాలేదు. పైగా నా బుర్ర అప్పటికే వేరే దగ్గర ఉంది. అక్క అడగలేదు. ఎవరూ అడగలేదు. నేను ఇన్నేళ్ళూ ఊతంగా పట్టుకున్న కథ మా అమ్మ మూడు మాటల్లో తీసేసింది. అడగని వస్తువును ఎవరైనా ఎందుకిస్తారు? తమకు అక్కర్లేకపోతేనే కదా. ఆ రోజు సాయంత్రం అన్నం ఉన్నదని గోడకు చెప్పింది, నేను ఆకలి లేదని గోడకు చెప్పాను.

ఎడిటింగ్ గదిలో ఆ ముక్కను ఎన్నిసార్లు విన్నానో. "నేనే" తర్వాత ఏముంది? గట్టిగా పెట్టి విన్నాను, నెమ్మదిగా నడిపి విన్నాను. ఏమీ లేదు, ఫ్యానుంది. ప్రొఫెసర్ వచ్చి చూసి కుర్చీలో వెనక్కి వాలి, "ఇంతకన్నా గొప్ప ముగింపు దొరకదమ్మా. ఇక్కడే ఆపెయ్. ఆ మాట పూర్తి కాకపోవడమే అందం," అన్నాడు. ఆయన మంచివాడే, కానీ ఆ రోజు ఆయన నెత్తిన హార్డ్ డిస్క్ పెట్టి కొట్టాలనిపించింది. అయినా అక్కడే ఆపాను. ముందుకు పోదామంటే నా దగ్గర ఏముంది గనక.

మా డిపార్ట్‌మెంట్ హాల్లో ఒక మధ్యాహ్నం అందరి సినిమాలూ వేశారు. మెస్‌లో పనిచేసే ఆడవాళ్ళు నలుగురైదుగురు వంటపని ముగించుకుని వచ్చారు. అమ్మ చర్చికి కట్టుకునే చీర కట్టుకుని తలుపు పక్కన ఆఖరి వరసలో కూర్చుంది. చపాతీల దగ్గర పిల్లలు ఈలలు వేశారు. "ష్" దగ్గరికి వచ్చేసరికి హాలంతా ఒక్కసారి నవ్వింది. ఎందుకు నవ్వారో నాకు తెలుసు, అది చూడ్డానికి నవ్వొచ్చేలాగే ఉంది. వెనక్కి తిరిగి చూశాను. అమ్మ కూడా నోటికి కొంగు అడ్డం పెట్టుకుని వాళ్ళతోపాటు నవ్వుతోంది. లైట్లు వేశాక ప్రొఫెసర్ నిశ్శబ్దం గురించి చాలాసేపు మాట్లాడాడు.

అమ్మ సాయంత్రం డ్యూటీకి ఇంకా టైముంది. ఇద్దరం నడుచుకుంటూ ఇంటికొచ్చాం. ఆమె ముందు, నేను వెనక. ఇంటికి రాగానే ఆమె డ్యూటీ చీర కట్టుకుని, చర్చి చీర మడతపెట్టడం మొదలుపెట్టింది. నేను వెళ్ళి ఆ చీర రెండో కొస పట్టుకున్నాను.

"ఎందుకిచ్చినవ్?" అన్నాను.

కెమెరా లేదు, మైక్ లేదు, మధ్యలో ఎవరూ లేరు. ఆమె చీర మడత వైపే చూస్తూ చెప్పింది.

"తెల్లారకముందే డ్యూటీకి పోతుంటి. నిన్ను లోపట పండవెట్టి, బయట తాళమేసి పోతుంటి. ఒకనాడు వచ్చేసరికి తలుపు కాడ కూసున్నవ్. లాగు తడుపుకొని. ఏడ్సి ఏడ్సి ఎక్కిళ్ళొస్తున్నయ్. తెల్లారి అక్క కాడికి తీస్కపోయిన. ఒక వారం చూద్దామనుకున్న, గంతే. గేటు కాడ ఇడిసి, ఎదురుంగ కిరాణ దుకాణం కాడ నిలవడ్డ. ఏడిస్తే తీస్కపోదామని. నువ్వు ఏడ్వలే. అక్క చెయ్యి వట్టుకొని లోపటికి పోయినవ్, ఎనకకు సుత చూడలే."

"వారం అయినంక రాకపోతివా?"

"వచ్చిన. ఎందుకు రాలే? గేటు తీస్తుంటే ఇన్న. నువ్వు అక్క ఎంబడి తిరుక్కుంట అమ్మా, అమ్మా అంటున్నవ్. ఒక్కసారి గాదు. నోరు మూతవడ్తలే. ఇగ ఏమని తీస్కపోవాలె? అక్కతోని గంత పానంగ ఉంటున్న పిల్లను మళ్ళ తాళంల వెడ్దునా?" చీర బీరువాలో పెట్టి, గోడమీద ఫోటో వైపు చూసింది. "అక్క దేవునసొంటి మనిషి. ఆమె లేకుంటే నువ్వేమైతుంటివో."

నేనూ ఆ ఫోటో వైపు చూశాను. దీని రెండో సగం నాకు తెలుసు.

పెద్దమ్మ దాన్ని నవ్వుతూ చెప్పేది, ఇంటికి చుట్టాలు వచ్చినప్పుడల్లా. నన్ను దింపిన పగలంతా కొత్త బొమ్మతో బాగానే ఆడుకున్నానట. పొద్దుగూకేసరికి మొదలుపెట్టానట. గేటు చువ్వలు పట్టుకుని, అమ్మ కావాలని, గొంతు పోయేదాకా. అన్నం ముట్టలేదట, ఎవరినీ దగ్గరికి రానివ్వలేదట. రోజులు గడిచినా అదే వరసట. ఇక ఏం చేయాలో తోచక పెద్దమ్మ ఒక ఉపాయం చేసింది. "నన్ను అమ్మా అని పిలువు, మీ అమ్మ కాడికి తీస్కపోతా," అంది. వెంటనే పిలిచానట. తీసుకుపోలేదు కదా, సరిగ్గా పిలవలేదేమో అనుకుని మళ్ళీ పిలిచానట. రోజంతా ఆమె వెంటపడి పిలుస్తూనే ఉన్నానట. "గా దినం వట్టుకున్నది, ఇప్పటిదాక ఇడువలే," అని పెద్దమ్మ నా తల నిమిరేది. అందరూ నవ్వేవాళ్ళు. నేనూ నవ్వేదాన్ని, నా గురించిన ముచ్చట కదా.

అంటే ఆ రోజు గేటు బయట మా అమ్మ విన్నది ఆ పిలుపే. నేను ఆమె కోసమే పిలుస్తున్నాను. ఆమె విని వెళ్ళిపోయింది.

చెబితే గోడమీద ఉన్న మనిషిని ఇంకోసారి చంపాలి. ఆమె నాకు అమ్మ, ఈమెకు ఉన్న ఒక్క తోబుట్టువు. చెబితే ఈమెకు, ఆ రోజు గేటు తీసి రెండడుగులు లోపలికి వేసి ఉంటే సరిపోయేదని తెలుస్తుంది. ఈ వయసులో ఆ రెండడుగులు పెట్టుకుని ఈమె ఏం చేసుకుంటుంది? చెప్పకపోతే, ఐదేళ్ళ నా కూతురు నన్ను వద్దనుకుంది అనే నమ్మకంతోనే పోతుంది. ఇన్నాళ్ళూ మావాళ్ళ నోళ్ళు తెరిపించాలని తిరిగాను. ఇప్పుడు నా నోరే తెరుచుకోవడం లేదు.

"ఏమన్న అనవేంది?" అంది. నావైపు నేరుగా చూస్తూ. నిజంగా ఎదురుచూస్తోంది.

"ఏం లేదు," అన్నాను.

ఆమె తల ఊపి, మంచినీళ్ళు తాగి, సంచీ భుజానికి వేసుకుని డ్యూటీకి బయల్దేరింది. గుమ్మంలో నిలబడి ఆమె మెట్లు దిగడం చూశాను. అమ్మా అని ఒక్కసారి పిలిస్తే వెనక్కి తిరిగేదే. ఆమె దగ్గరికి చేరాలని ఐదేళ్ళప్పుడు రోజంతా ఆ పిలుపే పిలిచాను, అది పనిచేయలేదు. ఆమె గేటు వేసి వీధి మలుపు తిరిగేదాకా చూసి లోపలికి వచ్చాను.